ఎక్స్‌ఓ సాస్ ఎక్కడ చెడుతుంది: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

1980లలో హాంకాంగ్ కాంటనీస్ వంటశాలల్లో పుట్టిన ఎక్స్‌ఓ సాస్‌ను ఎండు స్కాలప్, ఎండు రొయ్యలు, వెల్లుల్లి, మిరపతో నూనెలో వేయించి చేస్తారు. పేరులో ఎక్స్‌ఓ (XO) ఉన్నా ఇందులో బ్రాందీ ఉండదు. మేలురకం కోన్యాక్ (ఫ్రెంచ్ బ్రాందీ) సీసాల మీద కనిపించే ఆ రెండు అక్షరాలు అప్పట్లో అక్కడ దర్జాకు గుర్తు. ఖరీదైన సరుకుతో చేసిన సాస్ కాబట్టి ఆ పేరు పెట్టారు. ఖరీదంతా ఎండు స్కాలప్‌లోనే ఉంది: స్కాలప్ అనే సముద్ర జీవి విసనకర్ర ఆకారపు గుల్ల తెరుచుకోకుండా పట్టి ఉంచే కండను ఉడికించి ఎండబెడతారు. దుకాణాల్లో దీన్ని కాన్‌పాయ్ అంటారు. ఒక్క వాయి మాడినా నష్టం పెద్దదే.

ఈ సాస్ చెడడానికి చాలావరకు కారణం నీరు. ఎండు సరుకును నానబెట్టి నీరు పట్టిస్తాం, ఆ నీటినే సన్న సెగ మీద నూనెలో మళ్లీ తీసేస్తాం. అది తొందరగా పోయినా, పూర్తిగా పోకపోయినా సాస్ పాడవుతుంది.

కింద చెప్పేవన్నీ ఈ కొలతకు: ఎండు స్కాలప్ 100 గ్రాములు, పొట్టు తీసిన ఎండు రొయ్యలు 80, జిన్‌హువా హామ్ (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ) 50, సాంబారు ఉల్లిపాయలు 150, వెల్లుల్లి 80, పండు మిరపకాయలు 30, ఎండుమిరప తునకలు 10 గ్రాములు, వేరుశనగ నూనె 500 మిల్లీలీటర్లు, పంచదార ఒకటిన్నర టేబుల్ స్పూన్లు, సోయా సాస్, ఆయిస్టర్ సాస్ ఒక్కో టేబుల్ స్పూన్. విడిగా ఉప్పు వేయకూడదు.

సాస్ చేదెక్కింది

మొదట అనుమానించాల్సింది వెల్లుల్లిని. నూనెలోంచి తీశాక కూడా దాని వేడికి అది వేగుతూనే ఉంటుంది. బంగారు రంగు వచ్చేదాకా ఆగితే, పళ్లెంలోకి చేరేసరికి గోధుమరంగులోకి, చేదులోకి దిగిపోతుంది. ఎండుగడ్డి రంగులో ఉండగానే చిల్లుల గరిటెతో తీసేయాలి. నూనె వేడి 120 నుంచి 130 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటకూడదు. థర్మామీటర్ లేకపోతే ఒక ఉల్లి ముక్క వేసి చూడండి. చుట్టూ సన్నని బుడగలు నెమ్మదిగా రావాలి. చుర్రుమని పైకి ఎగిసిందంటే మంట ఎక్కువైనట్టే.

రెండో కారణం చాలామందికి తట్టదు: పంచదార. అది నూనెలో కరగదు. నేరుగా చల్లితే మూకుడు అడుగున కూర్చుని మాడుతుంది. స్కాలప్ ఉడికించిన నీళ్లు మూడు టేబుల్ స్పూన్లు తీసుకుని, పంచదార, సాస్‌లు అందులో కరిగించి పోయాలి. ఎండుమిరప తునకలు చివరి ఐదు నిమిషాల్లోనే వేయాలి.

చేదు నూనెలోకి దిగాక దాన్ని ఏ తీపీ కప్పిపుచ్చదు, ఆ నూనె పారబోయాల్సిందే. అందుకే వేయించే వరుస ముఖ్యం. ముందు ఉల్లిపాయలు 12 నుంచి 15 నిమిషాలు, తర్వాత వెల్లుల్లి 4 నుంచి 6 నిమిషాలు, ఆ తర్వాతే స్కాలప్. ఉల్లి, వెల్లుల్లి మాడినా పోయేది చవక సరుకే. కొత్త నూనెతో మళ్లీ మొదలుపెట్టవచ్చు, స్కాలప్ పక్కన భద్రంగా ఉంటుంది.

స్కాలప్ కొబ్బరిపీచులా గట్టిగా ఉంది

సరిగా నానలేదు, లేదా ఆవిరి మీద తక్కువసేపు ఉడికింది. 100 గ్రాములకు 250 మిల్లీలీటర్ల చల్లని నీళ్లు పోసి, 6 నుంచి 8 గంటలు ఫ్రిజ్‌లో నానబెట్టండి. అదే నీళ్లతో, ఒక టేబుల్ స్పూన్ షావ్‌షింగ్ వైన్ (బియ్యంతో చేసే చైనా మద్యం) కలిపి, 30 నిమిషాలు ఆవిరి మీద ఉంచండి. రెండు వేళ్ల మధ్య నొక్కితే పోగులు పోగులుగా విడిపోవాలి. విడిపోకపోతే ఇంకో 15 నిమిషాలు. ఒక్కోదాని పక్కన చిన్న గట్టి కండ అతుక్కుని ఉంటుంది. అది ఎంత ఉడికినా మెత్తబడదు, గిల్లి తీసేయండి.

పోగులు చేత్తోనే విడదీయాలి. మిక్సీలో వేస్తే పొడై, నూనెలో మడ్డిలా అడుగున చేరుతుంది. ఎలాగూ విడదీసేదే కాబట్టి పెద్ద పెద్ద కాన్‌పాయ్ కొననక్కర్లేదు. విరిగిన ముక్కలు చవక, రుచిలో లోటు ఉండదు.

పూర్తయిన సాస్‌లో పోగులు గట్టిపడితే, స్కాలప్ నీళ్లు నాలుగు టేబుల్ స్పూన్లు పోసి, అతి సన్న సెగ మీద, నీరు మళ్లీ ఇంకేదాకా ఉంచండి. చాలావరకు మెత్తబడతాయి.

మెత్తగా, ఉడికిన కూరలా ఉంది

పోగుల్లోనూ రొయ్యల్లోనూ తడి మిగిలింది. నూనెలో వేసేముందు పిడికిట్లో గట్టిగా పిండి, గుడ్డ మీద పరిచి ఆరనివ్వాలి. లేకపోతే నూనె పొంగి చేతుల మీద చిందుతుంది కూడా. వేయించేటప్పుడు గడియారం కన్నా బుడగలను నమ్మండి. పెద్ద బుడగలు, చప్పుడు ఉన్నాయంటే నీరు ఇంకా ఉంది. బుడగలు సన్నబడి చప్పుడు అణిగితే నీరు పోయినట్టు. స్కాలప్‌కు ఇది 10 నుంచి 12 నిమిషాలు, రొయ్యలకు 5 నుంచి 6, హామ్‌కు 3 నిమిషాలు పడుతుంది. అన్నీ తిరిగి కలిపి, పండు మిరప తరుగు, పంచదార నీళ్లు వేశాక మరో 20 నిమిషాలు సన్న సెగ. ఇప్పటికే మెత్తగా తయారైతే మళ్లీ పొయ్యి మీద పెట్టి, అడుగంటకుండా కలుపుతూ బుడగలు అణిగేదాకా ఉంచితే చాలు.

నీచు వాసన, ఇసుక

ఇక్కడ మన ఎండు రొయ్యల సంగతి చెప్పాలి. చైనా దుకాణాల్లో దొరికేవి ఉప్పునీళ్లలో ఉడికించి, ఎండబెట్టి, పొట్టు తీసినవి. మన కోస్తాలో సంతల్లో అమ్మేవి చాలావరకు తలతో, పొట్టుతో ఎండినవి, వాసన ఘాటు. వాటికన్నా రొయ్యపప్పు ఈ సాస్‌కు దగ్గరగా ఉంటుంది. తలలున్నవే దొరికితే తల, కాళ్లు, పొట్టు తీసి, ఆ తర్వాత 80 గ్రాములు తూయండి. నూనె లేకుండా దోరగా వేపి, రెండు మూడుసార్లు కడిగి, 30 నిమిషాలు నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి. ఇసుక ఆ నీళ్లతోనే పోతుంది. సాస్ తయారయ్యాక నీచు తెలిస్తే, నాలుగు అల్లం ముక్కలు వేసి పది నిమిషాలు సన్న సెగ మీద ఉంచి, అల్లం తీసేయండి. కొన్న రొయ్యలే అమ్మోనియాలా ముక్కు మండిస్తుంటే మాత్రం వాడొద్దు.

ఉప్పు కషాయం

హామ్, రొయ్యలు, సోయా, ఆయిస్టర్ సాస్ నాలుగింటిలోనూ ఉప్పుంది. జెజియాంగ్ రాష్ట్రపు జిన్‌హువా హామ్‌ను చిటికెడు పంచదారతో 20 నిమిషాలు ఆవిరి పట్టి, ఆ నీళ్లు వదిలేస్తే ఉప్పు తగ్గుతుంది. హామ్ దొరకకపోతే దాన్ని మానేసి రొయ్యలు 30 గ్రాములు పెంచండి. ఉప్పెక్కిన సాస్‌కు మందు: ఇంకో 100 గ్రాముల ఉల్లిపాయలను 60 మిల్లీలీటర్ల నూనెలో విడిగా వేయించి కలపడం.

రంగు పాలిపోయింది

గుంటూరు మిరప కారం ఇస్తుంది, ఎరుపు కావాలంటే సగం బ్యాడిగి వాడండి.

నిల్వ దగ్గర తప్పు

నూనె పైకి తేలింది కదా, ఆవకాయలా జాడీలో బయట పెడదాం అనిపిస్తుంది. పెట్టకూడదు. ఆవకాయను కాపాడేది నూనె ఒక్కటే కాదు, మామిడి పులుపు, బోలెడంత ఉప్పు. ఈ సాస్‌లో పులుపు లేదు. గాలి తగలని నూనె కింద, వెల్లుల్లిలో మిగిలిన తడిలో క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే సూక్ష్మజీవి పెరిగే ప్రమాదం ఉంది. దాని విషానికి వాసన, రుచి ఉండవు. కాబట్టి వెడల్పాటి గిన్నెలో చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. నాలుగు రోజుల్లో అయిపోయేంత అక్కడ ఉంచి, మిగతాది చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌కు. తడి గరిటె పెట్టొద్దు. బూజు, పులిసిన వాసన, మూత తీయగానే బుస్సుమని గాలి... వీటిలో ఏది కనిపించినా రుచి చూడకుండా పారేయండి. ఫ్రిజ్‌లో వేరుశనగ నూనె తెల్లగా పేరుకోవడం మాత్రం చెడడం కాదు, బయట కాసేపు పెడితే కరుగుతుంది.

రొయ్యలు, గుల్లచేపలు పడనివాళ్లకు ఇది వడ్డించకూడదు. సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ కూడా ఉంటుంది.

వంటలో వేస్తే రుచి తెలియడం లేదు

సీసా పైనున్న నూనె ఒక్కటే వచ్చి ఉంటుంది. అడుగు నుంచి కలిపి తీయాలి. లేదా ముందే వేసి ఉంటారు. వేడి మూకుట్లో మొదటే పడితే అప్పటికే వేగిన వెల్లుల్లి, స్కాలప్ రెండోసారి వేగి మాడతాయి. 400 గ్రాముల అన్నంతో ఫ్రైడ్ రైస్ చేస్తుంటే, సాస్ మీది నూనె ఒక టేబుల్ స్పూన్‌తో మొదలుపెట్టి, ముక్కలు రెండు టేబుల్ స్పూన్లు చివరి 30 సెకన్లలో వేయండి. అన్నానికి ఉప్పు సగానికి తగ్గించండి.

ముల్లంగి తురుము, బియ్యప్పిండి కలిపి ఆవిరిపట్టే లో బాక్ గో ముక్కలకూ అదే పద్ధతి. ముందు మామూలు నూనెలో అన్ని పక్కలా పొర కట్టేదాకా కదపకుండా వేయించి, ఆ తర్వాతే సాస్. తొందరపడితే ముక్కలు మూకుడుకు అంటుకుని చిదుగుతాయి. బీన్స్ లాంటి కూరగాయలైతే నీళ్లలో ఉడకబెట్టాక పూర్తిగా వార్చి, తడి ఆరాక వేయించండి. తడి మీద సాస్ పడితే ముక్కకు పట్టదు, నూనె విడిపోయి పళ్లెం అడుగున మిగులుతుంది.