కెమెరా పాఠాలు – 9: ఒక అంగుళం సెన్సర్‌ను తూకం వేద్దాం

కిందటి పాఠాల్లో అపెర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ లెక్కలు చేతికొచ్చాయి. ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు కావడమో, సగం కావడమో అని ఇప్పుడు మళ్లీ చెప్పక్కర్లేదు. ఈసారి అదే లెక్కతో ఒక కెమెరాను తూచి చూద్దాం. ఉదాహరణకు నికాన్ 1 సిరీస్ తీసుకుందాం. 2011 సెప్టెంబర్‌లో వీ1, జే1 మోడళ్లతో మొదలైన ఈ సిరీస్‌ను 2018లో ఆపేశారు. కొత్తవి రావు కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ సెకండ్‌హ్యాండ్‌వే. చూడ్డానికి బుజ్జిగా ఉంటుంది, లెన్సు మార్చుకోవచ్చు, ధర తక్కువ. "కొనొచ్చా?" అని అడిగేవాళ్లు చాలామంది. ఈ పాఠం అయ్యాక ఆ ప్రశ్నకు జవాబు మీరే లెక్కగట్టి చెప్పగలగాలి.

ముందు కొలతలు. వీటి సెన్సర్ (వెలుతురును పట్టే చిప్) 13.2 × 8.8 మి.మీ. అంగుళం సెన్సర్ అంటారు గానీ ఏ పక్క కొలిచినా అంగుళం రాదు. పాత వీడియో ట్యూబుల కాలం నుంచి ఆ పేరు అలా నిలిచిపోయింది. దీని వైశాల్యం 116 చదరపు మిల్లీమీటర్లు. ఫుల్‌ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్ (36 × 24) అయితే 864. మన దగ్గర ఎక్కువగా కనిపించే ఏపీఎస్-సీ డీఎస్ఎల్ఆర్‌లలో 367 దాకా, మైక్రో ఫోర్ థర్డ్స్ అనే ఇంకో రకంలో 225 ఉంటుంది.

864ని 116తో భాగిస్తే ఏడున్నరకు కాస్త తక్కువ వస్తుంది. మూడు స్టాపులంటే ఎనిమిది రెట్లు కదా, అంటే తేడా దాదాపు మూడు స్టాపులు. ఏపీఎస్-సీతో పోలిస్తే ఒకటిన్నర దాటి, ఒకటీ మూడింట రెండు వంతుల దగ్గర ఆగుతుంది. మైక్రో ఫోర్ థర్డ్స్‌తో ఒక్క స్టాపే. ఈ మూడు అంకెలు నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి, పాఠమంతా వీటితోనే పని.

పోయేది ఎంత

ఒకే అపెర్చర్, ఒకే షట్టర్ స్పీడ్, ఒకే తరం సెన్సర్లు అనుకోండి. ఫుల్‌ఫ్రేమ్‌లో ఐఎస్ఓ 3200 దగ్గర కనిపించే నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) అంగుళం సెన్సర్‌లో 400 దగ్గరే కనిపిస్తుంది. రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఇంట్లో పిల్లలు ఆడుకుంటుంటే 1/125 దగ్గర ఫొటో తీయాలంటే కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సుతో ఐఎస్ఓ 3200 దాటక తప్పదు. అక్కడ ఈ కెమెరా చేతులెత్తేస్తుంది, ఇందులో దాచడానికేమీ లేదు. "ఒకే తరం" అన్న మాట మాత్రం మర్చిపోవద్దు. 2015లో వచ్చిన జే5లో వెనకనుంచి వెలుతురు తీసుకునే కొత్త రకం సెన్సర్ ఉంది. అది వీ1 కంటే చెప్పుకోదగ్గంత మెరుగు.

బ్యాక్‌గ్రౌండ్ బ్లర్‌కూ ఇదే లెక్క. ఫోకల్ లెంగ్త్‌నూ, అపెర్చర్ అంకెనూ రెండిటినీ 2.7తో (36ని 13.2తో భాగిస్తే వచ్చేది) గుణించండి. కిట్ లెన్సు 30 మి.మీ. దగ్గర ఎఫ్/5.6 అంటే ఫుల్‌ఫ్రేమ్‌లో 81 మి.మీ., ఎఫ్/15 పెట్టినట్టు. బ్లర్ దాదాపు ఉండదు. పోర్ట్రెయిట్‌ల కోసమే చేసిన 32 మి.మీ. ఎఫ్/1.2 అయితే 86 మి.మీ., ఎఫ్/3.2తో సమానం. అది చక్కగా సరిపోతుంది. ఫోకల్ లెంగ్త్‌ను మాత్రం గుణించి అపెర్చర్‌ను అలాగే వదిలేసే ప్రకటనలు చాలా ఉంటాయి. రెండిటినీ గుణిస్తేనే తూకం సరిగ్గా ఉంటుంది.

డెప్త్ కావాల్సిన చోట

ఇది కాస్త నెమ్మదిగా చదవండి, ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మూడు వరుసల్లో నిలబడ్డ బంధువుల గ్రూప్ ఫొటో తీయాలి. ఫుల్‌ఫ్రేమ్‌తో అందరూ షార్ప్‌గా రావాలంటే ఎఫ్/8 పెట్టారు, వెలుతురు చాలక ఐఎస్ఓ 3200కు వెళ్లారు. అంగుళం సెన్సర్‌లో అంతే డెప్త్ (ముందు నుంచి వెనక దాకా షార్ప్‌గా వచ్చే లోతు) ఎఫ్/2.8 దగ్గర, ఎఫ్/3 దగ్గరే వస్తుంది. అపెర్చర్ మూడు స్టాపులు తెరుచుకుంది కాబట్టి షట్టర్ మార్చకుండానే ఐఎస్ఓ 400కు దిగుతుంది. 400 దగ్గర చిన్న సెన్సర్, 3200 దగ్గర పెద్ద సెన్సర్: ఇప్పుడు రెండిట్లో నాయిస్ దాదాపు ఒకటే! పెద్ద సెన్సర్ మూడు స్టాపులు గెలిచేది తక్కువ డెప్త్‌తో సరిపెట్టుకుంటేనే. పూలు, నగలు, వంటకాలు, గుడి శిల్పాల దగ్గరి షాట్లు ఇలా డెప్త్ తప్పనిసరైన పనుల్లో చిన్న సెన్సర్ వల్ల మీరు కోల్పోయేది అనుకున్నంత ఉండదు. షరతు ఒక్కటే: లెన్సు ఎఫ్/2.8కి తెరుచుకునేదై ఉండాలి. కిట్ జూమ్ అంత తెరుచుకోదు, 18.5 మి.మీ. ఎఫ్/1.8 తెరుచుకుంటుంది.

ఇంకో జాగ్రత్త. ఈ సెన్సర్ మీద ఎఫ్/8 దాటొద్దు. అప్పటికే ఫుల్‌ఫ్రేమ్ ఎఫ్/22తో సమానం, డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం అంచుల దగ్గర వెలుతురు వంగి చెదరడం) వల్ల ఫొటో మెత్తబడుతుంది.

పక్షుల వాళ్లకు

గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకు గూడబాతులు చూడ్డానికి వెళ్లారనుకోండి. చెరువులోని చెట్ల మీద గూళ్లు, మనం గట్టు మీద. దూరం తగ్గించడం మన చేతిలో లేదు. 2014లో వచ్చిన 1 నిక్కర్ 70-300 లెన్సు ఈ సెన్సర్ మీద 810 మి.మీ. దాకా చూస్తుంది, బరువు 550 గ్రాములు. నికాన్ ఫుల్‌ఫ్రేమ్ 800 మి.మీ. ఎఫ్/5.6ఈ లెన్సు నాలుగున్నర కిలోలు దాటుతుంది.

రెండూ సమానమని అనుకోవద్దు. చిన్న లెన్సు కూడా 300 మి.మీ. దగ్గర ఎఫ్/5.6దే. 300ని 5.6తో భాగిస్తే 54 మి.మీ. వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం వ్యాసం అది. 800ని భాగిస్తే 143. పక్షి నుంచి వచ్చే వెలుతురును పెద్ద లెన్సు ఏడు రెట్లు ఎక్కువ పట్టుకుంటుంది, బరువు అందుకే. అయితే మంచి ఎండలో ఆ ఏడు రెట్లు అవసరం పడదు. ఎండలో ఎఫ్/5.6, 1/1600, ఐఎస్ఓ 200తో ఎగిరే పక్షిని ఆపొచ్చు. మబ్బు పట్టగానే అదే షట్టర్‌కు ఐఎస్ఓ 800, ఇంకా ముసిరితే 1600. అక్కడ ఈకల్లో వివరాలు కరిగిపోవడం మొదలవుతుంది.

మీ దగ్గర 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ ఉండి, అదే 300 మి.మీ.తో తీసి క్రాప్ చేస్తే? 116 చదరపు మిల్లీమీటర్ల ముక్కలో మిగిలేది ఏడున్నర మెగాపిక్సెళ్లే. నికాన్ 1 వీ3 అంతే చోట 18 మెగాపిక్సెళ్లు పెడుతుంది. పైగా చిన్న సెన్సర్‌ను చదవడానికి తక్కువ సమయం పడుతుంది కాబట్టి, వీ3 ఫోకస్ వెంటాడుతూనే సెకనుకు 20 ఫ్రేములు తీస్తుంది. 2011 నాటి వీ1 కూడా 10 తీసేది. పక్షి రెక్క విప్పే క్షణం కోసం పడే టెన్షన్ తెలిసినవాళ్లకు ఆ విలువ చెప్పక్కర్లేదు. పగటి వెలుతురులో పక్షుల కోసమైతే ఈ సిరీస్‌ను నేను ఇప్పటికీ సిఫార్సు చేస్తాను. పెళ్లిళ్ల కోసమైతే వద్దంటాను. అక్కడ హాలు వెలుతురు ఒక ఇబ్బంది, ఆల్బమ్ ఇంకో ఇబ్బంది. వీ1 ఫొటో వెడల్పు 3872 పిక్సెళ్లు. 18 అంగుళాల ప్రింటుకు బాగానే సరిపోతుంది గానీ 12 × 36 ఆల్బమ్‌లో రెండు పేజీల నిండా పరిస్తే అంగుళానికి 107 పిక్సెళ్లే మిగులుతాయి.

సెకండ్‌హ్యాండ్‌లో చూసేటప్పుడు బ్యాటరీ సంగతి ముందు అడగండి. వీ1, వీ2, వీ3, జే5 దేని బ్యాటరీ దానిదే. వీ1 వాడేది నికాన్ డీ7000 డీఎస్ఎల్ఆర్ వాడే రకమే కాబట్టి దొరకడం తేలిక. ఈ లెన్సులు నికాన్ కొత్త మిర్రర్‌లెస్ జెడ్ కెమెరాలకు తగలవు, రేపు మారేటప్పుడు వెంట తీసుకెళ్లలేరు. వీ3లో వ్యూఫైండర్ విడిగా తగిలించేది, దాంతో కలిపి అమ్ముతున్నారో లేదో చూడండి. లెన్సును ఎఫ్/5.6, ఎఫ్/8 దగ్గర పెట్టి అపెర్చర్ నిజంగా మూసుకుంటోందో పరీక్షించండి.

ఇంటిపని

ఈ కెమెరా కొనకుండానే దాని ఫలితం చూడొచ్చు. మీ ఏపీఎస్-సీ కెమెరాలో ఎఫ్/5, 1/100, ఐఎస్ఓ 2500 పెట్టి సాయంత్రం ఇంట్లో ఒక ఫొటో తీయండి. అదే తరం అంగుళం సెన్సర్ ఎఫ్/2.8, 1/100, ఐఎస్ఓ 800 దగ్గర ఇచ్చేది సుమారుగా ఇదే, నాయిస్‌లోనూ డెప్త్‌లోనూ. ఎందుకో మొదట్లో రాసుకున్న అంకెలతో సరిచూసుకోండి. తర్వాత మీ పాత ఫొటోల వివరాలు తెరిచి, ఐఎస్ఓ 800 దాటినవి ఎన్ని, దాటనివి ఎన్ని అని రెండు కుప్పలు చేయండి. ఏ కుప్ప పెద్దదో కాగితం మీద రాసి ఉంచుకోండి, పదో పాఠంలో లెన్సుల ఎంపిక అక్కడి నుంచే మొదలుపెడతాం.