మిరుగం రాకముందే గోడ వెనక్కి వెళ్లి చూడండి

మహబూబ్‌నగర్, నల్గొండ వైపు పల్లంలో ప్లాటు కొన్నవాళ్లు మట్టి పోసి ఎత్తు చేసుకుంటారు, అది జారకుండా ముందు గోడ కడతారు. రెండు వానాకాలాలు పోయాక గోడ నడుము దగ్గర ఉబ్బితే, "నాలుగు పిల్లర్లు ఆనిస్తే సరిపోతుంది" అంటారు. సరిపోతుంది, కానీ ఆ పిల్లర్ దేనిమీద నిలబడిందో చూసుకోవాలి.

మా ఇంటి వెనక రాతి గోడకు ఇలాగే రెండు పోయించాం. ఒక వానకే కుంగాయి. అడుగు తవ్వి చూస్తే రెండూ పోసిన మట్టి మీదే ఉన్నాయి. గోడను ఆపాల్సినవి గోడకే వేలాడుతున్నాయి! గుంత ఆ మట్టిని దాటి, గడ్డపార ఖంగుమనే గట్టి మొరం దాకా దిగాలి. రోడ్డు కట్ట జారకుండా నేలలోకి దింపే పైల్ (కాంక్రీటు స్తంభం) అయినా అంతే, జారే పొర కిందికి పోకపోతే మట్టితోపాటే జారుతుంది. చెరువు కట్టనైతే మీరు ముట్టుకోకండి, ఇరిగేషన్ వాళ్లకు చెప్పండి.

గోడ ఎత్తు రెట్టింపైతే మట్టి తోపు నాలుగు రెట్లవుతుంది, గోడను పడదోసే బలం ఎనిమిది రెట్లవుతుంది. అందుకే ఆరడుగులు దాటితే మేస్త్రీ అంచనా మీద వదలొద్దు, ఇంజనీరుతో డ్రాయింగ్ వేయించండి. పునాదిలోంచి లేచి మట్టిని ఆపే పిల్లర్‌లో లాగుడుకు సాగేది మట్టి వైపు ముఖమే. పగుళ్లు అక్కడే మొదలవుతాయి, మన కంటికి కనబడవు. కాబట్టి ముఖ్యమైన కడ్డీలు అటువైపే ఉండాలి. కాంక్రీటు పోసేముందు మీరే నిలబడి చూడండి.

పిల్లర్లు ఎంత గట్టివైనా వెనక నీళ్లు నిలిస్తే లాభం లేదు. గోడలో ఐదారడుగులకొకటి మూడంగుళాల పైపు పెట్టించి, వెనక కంకర నింపించండి. పాత పైపులుంటే కడ్డీతో పొడిచి మట్టి తీయించండి. గోడ వెనక నల్లరేగడి నింపొద్దు, తడిస్తే ఉబ్బి తోస్తుంది. మొరం పలచగా పొరలు పొరలుగా పోసి దిమ్మిస కొట్టించండి. జేసీబీని గోడ అంచుకు రానివ్వకండి.

గోడ మొదలు దగ్గర అన్ని గుంతలూ ఒకేసారి తవ్వితే కాళ్లు నరికినట్టే. ఒకటి తవ్వి, పోసి, గట్టిపడ్డాకే ఇంకోటి. గుంతలో మనిషి ఉన్నప్పుడు పైన గట్టు మీద రాళ్లూ ఇసుకా పెట్టొద్దు. కాంక్రీటుకు పూర్తి బలం రావడానికి 28 రోజులు పడుతుంది కాబట్టి రోహిణి కార్తెలో మొదలుపెడితే ఆలస్యమే.

పగులు మీద చిటికెడు సిమెంటు పూసి, తేదీ రాయండి. అది చిట్లితే గోడ కదులుతున్నట్టే, దాని కింద బండి కూడా పెట్టకండి. జోరు వానలో పైపుల్లోంచి వచ్చే నీళ్లు ఉన్నట్టుండి ఆగిపోయినా, బురదగా మారినా పిల్లలనూ పశువులనూ ముందు అక్కణ్నుంచి తీసుకెళ్లండి.