మెనూ నొక్కితే పలకడం లేదా? ధాన్యం లెక్కల ప్రోగ్రాంలో వచ్చే చిక్కులు, వాటి విరుగుడు

కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు ధాన్యం ధర ఈనాటికీ పుట్టికి ఇంత అనే చెబుతారు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. కాటా మాత్రం కిలోల్లో చూపుతుంది. ఈ రెండింటికీ లంకె వేసే చిన్న ప్రోగ్రాం ఉంటే వ్యాపారి దగ్గర పనిచేసే గుమస్తాకు ఎంతో శ్రమ తప్పుతుంది. విజువల్ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునే పిల్లలతో నేను మొదట రాయించేది ఇదే. నమోదు, రసీదు, నివేదిక అని పైన మూడు మెనూలు ఉంటాయి. కోడ్ రాసే సాఫ్ట్‌వేర్ విజువల్ స్టూడియోలో, కిటికీలూ గడులూ అమర్చే విండోస్ ఫారమ్స్‌తో పనిచేసేవారికి ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఇందులోనే కనిపిస్తాయి.

తెలుగు రాస్తే ప్రశ్నార్థకాలు వస్తున్నాయి

మీరు వాడుతున్నది 1998 నాటి విజువల్ బేసిక్ 6 అయి ఉంటుంది. దాని మెనూలు యూనికోడ్‌ను, అంటే అన్ని భాషల అక్షరాలకూ ఉన్న ఉమ్మడి సంకేతాల పద్ధతిని, చూపలేవు. విండోస్‌లో ఇలాంటి పాత ప్రోగ్రాంలు వాడుకోగల కోడ్ పేజీ (అక్షరాల సంకేతాల పట్టిక) తెలుగుకు లేదు కాబట్టి, కంట్రోల్ ప్యానెల్‌లో భాష మార్చినా ఫలితం ఉండదు. దానితో కుస్తీ పట్టకుండా విజువల్ బేసిక్ డాట్ నెట్‌కు మారండి. అందులోని మెనూస్ట్రిప్ అనే మెనూ పట్టీ తెలుగును చక్కగా చూపుతుంది. మెనూ అంశాన్ని మొదట ఇంగ్లీషులో టైపు చేసి, తర్వాత టెక్స్ట్ ప్రాపర్టీలో మాత్రమే తెలుగు రాయండి. కోడ్‌లో వాడే పేరు ఇంగ్లీషులోనే నిలిచిపోతుంది, వెతుక్కోవడం తేలిక.

‘ధాన్యం & తవుడు’ అని రాస్తే మధ్యలో గుర్తు మాయమవుతుంది. అది ఆల్ట్ మీటకు సంకేతం. && అని జంటగా రాస్తే ఒకటి కనిపిస్తుంది.

పట్టిక పైభాగం మెనూ కింద దాక్కుంది

పద్దులు చూపే పట్టికకు డాక్ ఫిల్ (మిగిలిన చోటంతా నిండే అమరిక) పెట్టారు, కానీ అది వరుసలో మెనూకు వెనుక ఉంది. ఫారంను అమర్చే తెర, అంటే డిజైనర్‌లో పట్టికపై కుడి క్లిక్ చేసి, బ్రింగ్ టు ఫ్రంట్ ఎంచుకోండి.

నొక్కినా ఏమీ జరగదు, ఎర్రర్ కూడా రాదు

కోడ్ తెరిస్తే రాసిన వరుసలన్నీ భద్రంగానే ఉంటాయి. అందుకే పిల్లలు తికమక పడతారు. ఆ సబ్ (నొక్కితే నడవాల్సిన కోడ్ భాగం) మొదటి వరుస చివరిదాకా వెళ్లి చూడండి. అక్కడ హ్యాండిల్స్ అనే మాట, దాని పక్కన మెనూ అంశం పేరు, చుక్క, క్లిక్ ఉండాలి. ఆ అంశాన్ని డిజైనర్‌లో ఒకచోట కత్తిరించి మరోచోట అతికించి ఉంటే, కత్తిరించినప్పుడే ఆ తోక ఊడిపోయింది. అతికించినంత మాత్రాన తిరిగి రాదు. చేత్తో రాయండి, లేదా ప్రాపర్టీస్ కిటికీలో మెరుపు గుర్తు నొక్కి, క్లిక్‌కు ఎదురుగా ఆ సబ్‌ను ఎంచుకోండి.

మొదట ఒక రసీదు, తర్వాత రెండు, ఆపైన మూడు

ప్రింటర్‌ను అనుమానించకండి. సబ్‌ను క్లిక్‌కు తగిలించే యాడ్‌హ్యాండ్లర్ వరుసను ఫారం యాక్టివేటెడ్‌లో రాశారేమో చూడండి. వేరే కిటికీకి వెళ్లి ఫారంలోకి తిరిగి వచ్చిన ప్రతిసారీ అది మళ్లీ నడిచి, అదే సబ్‌ను క్లిక్‌కు ఇంకోసారి తగిలిస్తుంది. దాన్ని, ఫారం తెరిచినప్పుడు ఒక్కసారే నడిచే లోడ్‌లోకి మార్చండి. ఎప్పుడూ సరిగ్గా రెండే వస్తుంటే, హ్యాండిల్స్, యాడ్‌హ్యాండ్లర్ రెండూ ఉన్నాయన్నమాట. ఒకటి తీసేయండి.

ఒక అంకె చెరిపితే పద్దు మొత్తం పోయింది

ఇది చూసిన రోజు నాకు చాలా బాధ కలిగింది. గుమస్తా బరువు గడిలో 3,825కు బదులు 38,825 కొట్టాడు. అదనంగా పడిన 8 ముందు కర్సర్ పెట్టి డిలీట్ నొక్కాడు. అంకె అలాగే ఉంది, కింద పట్టికలో రైతు పద్దు మాయమైంది. ‘పద్దు తొలగించు’ అనే మెనూ అంశానికి మేమే డిలీట్ మీటను షార్ట్‌కట్‌గా ఇచ్చాం. మెనూకు ఇచ్చిన షార్ట్‌కట్ టెక్స్ట్ బాక్సుకు అందకముందే పనిచేస్తుంది. కంట్రోల్ వి ఇచ్చినా ఇదే గతి, గడిలో అతికించడం ఆగిపోతుంది. డిలీట్ తీసేసి కంట్రోల్ షిఫ్ట్ డి లాంటిది పెట్టండి. తొలగించే ముందు రైతు పేరు, బరువు చూపి ‘తొలగించాలా?’ అని తప్పనిసరిగా అడగండి.

అర పుట్టి ఎటు పోయింది?

3,825 కిలోలు అంటే నాలుగున్నర పుట్లు. రసీదులో 4 అని పడింది. ఆ వెంటనే 4,675 కిలోలు, అంటే అయిదున్నర పుట్లు వేస్తే 6 వచ్చింది. ఒకరికి తగ్గి మరొకరికి పెరగడంతో కాటా తప్పనుకున్నాం. కాటా సరిగానే ఉంది. పుట్ల సంఖ్యను ఇంటీజర్‌గా, అంటే పూర్ణాంకంగా ప్రకటించాం. భిన్నాన్ని పూర్ణాంకంలో పెట్టమంటే విజువల్ బేసిక్ సరిగ్గా సగం ఉన్నప్పుడు దగ్గరి సరిసంఖ్యకు సవరిస్తుంది. అందుకే నాలుగున్నర 4 అయింది, అయిదున్నర 6 అయింది. అర పుట్టి అంటే 425 కిలోలు, చిన్న తేడా కాదు.

బరువునూ పుట్లనూ డెసిమల్‌గా, అంటే దశాంశాలు నిలిచే రకంగా ప్రకటించండి. ఫైలు మొదటి వరుసలో ఆప్షన్ స్ట్రిక్ట్ ఆన్ రాయండి. ఇక ఇలాంటి వరుస ఉంటే ప్రోగ్రాం బిల్డ్ కాదు, తప్పును మీకే చూపిస్తుంది. భాగహారానికి వెనక్కి వాలిన గీత \ వాడారేమో కూడా చూడండి. అది భిన్నాన్ని కోసేస్తుంది, / వాడాలి. తర్వాత ఆ రెండు బరువులనే మళ్లీ వేయండి. 4.5, 5.5 అని రసీదు మీద కనిపించాకే ప్రోగ్రాంను గుమస్తాకు ఇవ్వండి.