మొదటి గేరు బండిని ఎంచుకోవడం ఎలా

కొత్తగా బండి నేర్చినవారు పడిపోయేది చాలావరకు వేగంగా పోతున్నప్పుడు కాదని, ఆగబోతున్నప్పుడో, ఇరుకు సందులో బండి మలుపుతున్నప్పుడో, ఎత్తు మీద ఆగి మళ్లీ కదలబోతున్నప్పుడో పడతారని నేను చూసినంతవరకు చెప్పగలను. నేను పడింది కూడా అట్లాగే. నల్లగొండలో పాత బండ్లు అమ్మే ఒక దుకాణంలో, టాంకు మెరుపు చూసి, నా ఎత్తుకు మించిన బరువైన బండిని కొన్నాను. వారం తిరగకముందే మా ఊరి చెరువుకట్ట మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరు వచ్చింది. పక్కకు తీసి ఆగబోయి కుడికాలు కింద పెడితే, అక్కడ నేల బెత్తెడు లోతుగా ఉండి పాదం ఆనలేదు. బండి మెల్లగా, ఆపడానికి వీల్లేకుండా కుడివైపు ఒరిగిపోయి, వేడి సైలెన్సర్ పిక్క మీద పడింది. ట్రాక్టరు నడిపే ఆయన దిగి వచ్చి బండిని లేపి, "తమ్మీ, ముందుగాల నీ కాళ్లు ఆనే బండి సూసుకో" అన్నాడు. ఆ కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. మొదటి బండి గురించి ఎవరు అడిగినా నేను ముందు కాళ్ల దగ్గరే మొదలుపెట్టడానికి కారణం అదే.

కాబట్టి షోరూంకు వెళ్లినప్పుడు ధర అడగకముందే, ఇంజన్ ఆన్ చేయకముందే, బండిని సైడ్ స్టాండ్ మీద నుంచి మీరే లేపి చూడండి. ఎక్కి కూర్చున్నాక రెండు పాదాల ముందుభాగమైనా పూర్తిగా నేలకు ఆనాలి, ఒక పాదం మడమతో సహా ఆనితే ఇంకా మంచిది. రోజూ వేసుకునే చెప్పులతోనే వెళ్లండి, ఎత్తు మడమల బూట్లతో చూసుకుంటే కొలత తప్పుతుంది. తరువాత కూర్చునే, కాళ్లతో నెట్టుకుంటూ బండిని పది అడుగులు వెనక్కి తీసుకుపోండి. హ్యాండిల్‌ను ఒక చివర నుంచి మరో చివరకు తిప్పినప్పుడు దూరంగా ఉన్న చేయి పట్టు తప్పుతున్నదేమో గమనించండి. క్లచ్‌ను నాలుగు వేళ్లతో వరుసగా ఇరవైసార్లు నొక్కండి, ముంజేయి లాగుతుంటే ట్రాఫిక్‌లో ఆ బండి మిమ్మల్ని అలసగొడుతుంది. ఆ తరువాత బండి దిగి, ఎడమపక్కన నిలబడి, తోసుకుంటూ షోరూం ముందున్న ర్యాంపు ఎక్కించండి. పెట్రోలు అయిపోయినా, పంక్చరు పడినా ఎండలో మీరు చేయవలసిన పని అదే కాబట్టి, అది ముందే తెలిసిపోతుంది. మీ వెంట వచ్చిన అన్న ఎక్కి చూసి బాగుందన్నంత మాత్రాన సరిపోదు, ఎవరు నడుపుతారో వారే కూర్చొని చూడాలి. చీర లేదా చుడీదారు కట్టుకొని నడపబోయే మహిళలు ఆ దుస్తుల్లోనే కూర్చొని, చున్నీ అంచు గొలుసు దగ్గరకు చేరుతున్నదేమో చూసుకోవాలి.

అంకెల్లో చెప్పాలంటే, హీరో స్ప్లెండర్ ప్లస్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, బరువు సుమారు 112 కిలోలు. హోండా షైన్ 100 బరువు దాదాపు 99 కిలోలే. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, అంటే స్ప్లెండర్ కంటే రెండు సెంటీమీటర్లే ఎక్కువ, కానీ బరువు 195 కిలోలు. సీటు ఎత్తులో కనబడని ఆ తేడా బండి ఒరిగిన క్షణంలో చేతుల మీద పడుతుంది. బరువైన బండి చెడ్డదని నేను అనడం లేదు, రహదారి మీద అది నిలకడగా పోతుంది, దూర ప్రయాణానికి నప్పుతుంది. కానీ క్లచ్ వదలడం, గేరు మార్చడం, బ్రేకు పట్టడం ఇంకా ఆలోచించి చేస్తున్న మనిషికి బరువును ఆపుకోవడమనే నాలుగో పని పెట్టకూడదని నా అభిప్రాయం. 100 నుంచి 125 సీసీ మధ్య బండి మీద ఏడాదో, రెండేళ్లో గడిపినవారు ఆ తరువాత ఏ బండికైనా తేలికగా మారగలరు. రోజూ హైవే ఎక్కవలసినవారు, శరీరం సహకరిస్తే, 150 లేదా 160 సీసీ దాకా వెళ్లవచ్చు. 200 సీసీ దాటి, యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పితేనే ముందుకు దూకే బండ్లను మాత్రం మొదటి బండిగా ఎవరికీ చెప్పలేను.

ఇక దారి సంగతి. ఒకే జిల్లాలో ఇద్దరు మనుషులకు రెండు వేర్వేరు బండ్లు సరిపోవడానికి కారణం వారు తిరిగే దారులే. నకిరేకల్ నుంచి సూర్యాపేటకు 65వ నంబరు జాతీయ రహదారి మీద రోజూ ఉద్యోగానికి పోయేవారికి, జడ్చర్ల నుంచి షాద్‌నగర్ వైపు 44వ నంబరు రహదారి మీద కంపెనీ షిఫ్టులకు పోయేవారికి, పక్కనుంచి లారీ దాటినప్పుడు గాలికి ఊగిపోని బండి, గంటకు అరవై కిలోమీటర్ల దగ్గర ఇంజన్ గింజుకోని బండి కావాలి. వారికి 125 సీసీ నయం. దేవరకొండ, అచ్చంపేట, గద్వాల చుట్టూ పల్లెల్లో మట్టిబాటలు, బావికాడి దారులు తిరిగేవారికి తేలికైన బండి, పెద్ద చక్రాలు, నేలకు తగినంత ఎడం కావాలి. వారికి స్కూటర్ వద్దనడానికి నాకున్న కారణం కూడా అదే: దాని పది, పన్నెండు అంగుళాల చక్రం గుంతలో పూర్తిగా దిగిపోతుంది, మోటారుసైకిల్ పదిహేడు, పద్దెనిమిది అంగుళాల చక్రం అదే గుంతను దాటిపోతుంది. పట్టణం దాటనివారికి స్కూటర్ చాలు. నల్లరేగడి నేలల మీద వానపడిన రోజు ఆ జిగటమట్టి టైరు గాళ్లలో నిండి టైరు నున్నగా మారిపోతుంది, ముందు మడ్‌గార్డు కింద ఎడం తక్కువైతే చక్రమే తిరగదు. అందుకే మడ్‌గార్డుకు, టైరుకు మధ్య మీ రెండు వేళ్లు సులువుగా దూరుతున్నాయో లేదో షోరూంలోనే చూడండి.

మా ప్రాంతపు రోడ్ల మీద ప్రమాదం మరొకటి ఉంది. వానకాలం పంట కోసే అక్టోబరు, నవంబరు నెలల్లో, యాసంగి పంట కోసే ఏప్రిల్, మే నెలల్లో, మిర్యాలగూడ వైపు ఏ ఊరి రోడ్డు చూసినా సగం వెడల్పున వడ్లు ఆరబోసి ఉంటాయి. రైతుకు వేరే జాగా లేక చేసే పని అది. పొద్దుగూకాక ఆ వడ్లను కుప్పచేసి, నల్లని టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు. చీకట్లో నల్లని రోడ్డు మీద నల్లని కుప్ప దగ్గరకు వచ్చేదాకా కనబడదు. కాబట్టి హెడ్‌లైటు వెలుగును పగటిపూట షోరూంలో చూసి తృప్తిపడకుండా, అదే మోడల్ బండి ఉన్న తెలిసినవారిని అడిగి చీకటిపడ్డాక ఊరి బయట చూడండి. వెలుగు ఎంత దూరం పడుతున్నదన్నదే కాక, రోడ్డు అంచులు కూడా కనబడుతున్నాయా అన్నది ముఖ్యం.

అదే వడ్ల మీద, లేదా రోడ్డు పక్క ఇసుక మీద ముందు బ్రేకు గట్టిగా పడితే చక్రం తిరగడం ఆగి జారిపోతుంది. దీనికే ఏబీఎస్ ఉపయోగపడుతుంది: చక్రం బిగుసుకోబోతున్నదని గ్రహించి బ్రేకు ఒత్తిడిని క్షణకాలం వదిలి మళ్లీ పడుతుంది. 125 సీసీ దాటిన బండ్లకు ఇది 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. అంతకు తక్కువ సీసీ బండ్లలో అప్పటి నుంచి సాధారణంగా వస్తున్నది సీబీఎస్, అంటే వెనుక బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడే ఏర్పాటు. అది మంచిదే గాని చక్రం బిగుసుకోవడాన్ని ఆపలేదు. కొన్ని బండ్లలో ఏబీఎస్ ముందు చక్రానికే ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి. రంగుకు పెట్టే అదనపు డబ్బును ముందు డిస్క్ బ్రేకుకు, ట్యూబ్‌లెస్ టైర్లకు పెట్టడం మేలు. ట్యూబ్‌లెస్ టైరులో ముల్లు దిగినా గాలి ఒక్కసారిగా పోదు, తుమ్మముళ్ల బాటల్లో తిరిగేవారికి దాని విలువ మొదటి నెలలోనే తెలుస్తుంది.

బండి ఖాయం చేసుకునేముందు మీ ఊళ్లోనో మండల కేంద్రంలోనో ఉన్న మెకానిక్ దగ్గరకు ఒకసారి వెళ్లి, ఆ మోడల్ క్లచ్ ప్లేట్లు, బ్రేక్ షూలు, గొలుసు సెట్టు ఆయన దగ్గర దొరుకుతాయా అని అడగండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండ్లలో చాలావాటికి కార్బురేటర్ బదులు, సెన్సార్ల సాయంతో ఇంజన్‌కు పెట్రోలు అందించే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది. సెన్సార్ చెడితే కంపెనీ సర్వీసు సెంటర్ దాకా వెళ్లక తప్పదు కాబట్టి, అది ఎంత దూరంలో ఉందో కూడా తెలుసుకోండి.

డబ్బు విషయంలో మాటల మీద కాకుండా కాగితం మీద నడవాలి. షోరూం ధర, లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్, బీమా, అదనపు సామాన్లు వేర్వేరుగా రాసిన కొటేషన్ అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, పాత ధరల పట్టికతో పోల్చుకునేవారు ఇది గమనించాలి. కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా, అంటే మీ బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి ఇచ్చే బీమా, తప్పనిసరి, కానీ మీ బండికి జరిగే నష్టానికి ఇచ్చే బీమా సాధారణంగా ఒక్క ఏడాదికే ఉంటుంది, దాన్ని మళ్లీ కట్టుకోవాలి. కిస్తీల మీద కొనేవారు "వడ్డీ పది శాతమే" అన్న మాట విన్నప్పుడు అది ఫ్లాట్ వడ్డీయా, తగ్గుతున్న అసలు మీద వడ్డీయా అని అడిగి తీరాలి. 80,000 రూపాయల అప్పుకు పది శాతం ఫ్లాట్ అంటే మూడేళ్లకు వడ్డీ 24,000, నెల కిస్తీ దాదాపు 2,889. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొత్తం మీదే పడుతుంది కాబట్టి, నిజానికి మీరు కట్టేది సుమారు 18 శాతం. మైలేజీని కూడా ఇట్లాగే లెక్క వేయండి: రోజుకు 60 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరిగేవారికి లీటరుకు 60 ఇచ్చే బండికి, 35 ఇచ్చే బండికి మధ్య తేడా నెలకు దాదాపు 18 లీటర్లు.

పాత బండి కొనడం తప్పేమీ కాదు, నేర్చుకునే రోజుల్లో ఒకటి రెండుసార్లు గీతలు పడే బండి పాతదైతే మనసుకు కష్టం తక్కువ. అయితే పొద్దున్నే, చెప్పకుండా వెళ్లి చూడండి. ముందు ఇంజన్ మీద అరచేయి పెట్టండి. వెచ్చగా ఉంటే, మీరు వచ్చేలోపే ఎవరో స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, చల్లగా ఉన్నప్పుడు మొండికేసే బండిని అట్లాగే దాచిపెడతారు. స్టార్ట్ చేశాక నీలిపొగ ఆగకుండా వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతున్నది. సెంటర్ స్టాండ్ వేసి వెనుక పళ్లచక్రం మీద గొలుసును వేళ్లతో వెనక్కి లాగండి, పళ్లు సగం కనబడేంతగా గొలుసు లేస్తే సెట్టు మార్చవలసిందే. టైరు పక్కన గుడ్డు ఆకారపు గీత లోపల నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం, గాళ్లు లోతుగా ఉన్నా ఆ రబ్బరు ఎండకు గట్టిపడి ఉంటుంది. తిన్నని రోడ్డు మీద నడిపి, హ్యాండిల్ నిటారుగా ఉన్నా బండి ఒకవైపు లాగుతున్నదేమో చూడండి, లాగితే ఎప్పుడో గట్టి దెబ్బ తగిలి ఉండవచ్చు. ఆర్‌సీలో ఉన్న ఇంజన్, చాసిస్ నంబర్లను బండి మీద ఉన్నవాటితో ఒక్కో అంకెగా సరిచూడండి. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే అప్పు తీరినట్టు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చేదాకా డబ్బు పూర్తిగా ఇవ్వకండి. ఫారం 29, 30 మీద అమ్మేవారి సంతకాలు తీసుకొని బండిని వెంటనే మీ పేరుకు మార్పించుకోండి. పెండింగ్ చలాన్లను తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో బండి నంబరుతో చూసుకోవచ్చు.

గేరు బండికి లైసెన్సు పొందడానికి పద్దెనిమిదేళ్లు నిండాలి. లెర్నర్ లైసెన్సు వచ్చిన ముప్పై రోజుల తరువాత పరీక్షకు వెళ్లవచ్చు, దాని గడువు ఆరు నెలలు. పద్దెనిమిది నిండని పిల్లవాడికి బండి ఇస్తే మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ ప్రకారం 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు శిక్ష పడేది తల్లిదండ్రులకో, బండి యజమానికో. కొడుకు ఇంటర్ పాసయ్యాడని బండి తెచ్చే తండ్రులు తేదీలు ఒకసారి లెక్క చూసుకోవాలని చేతులెత్తి అడుగుతున్నాను.

బండి బడ్జెట్‌లోనే హెల్మెట్ డబ్బు విడిగా తీసిపెట్టండి. ఐఎస్ఐ ముద్ర, ఐఎస్ 4151 అన్న సంఖ్య ఉన్నదే తీసుకోవాలి. పెట్టుకున్నాక బుగ్గలకు గట్టిగా ఆనాలి, గదవ కింద పట్టీ బిగించి తలను అటూ ఇటూ విదిలించినప్పుడు హెల్మెట్ తలతోపాటే తిరగాలి. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా మార్చివేయాలి.

బండి ఇంటికి వచ్చాక మొదటి రెండు వారాలు వెనుక ఎవరినీ ఎక్కించుకోకండి. ఎండ ఎక్కకముందే కాలేజీ గ్రౌండ్‌కు పోయి, రెండు రాళ్లు పెట్టుకొని, వాటి చుట్టూ మొదటి గేరులో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పండి, డ్రైవింగ్ పరీక్షలో అడిగేదీ అదే. తరువాత గంటకు ముప్పై కిలోమీటర్ల దగ్గర నుంచి రెండు బ్రేకులు కలిపి పట్టి ఆగడం, ఆగే క్షణానికి ఎడమకాలు నేల మీద ఉండడం సాధన చేయండి. ఇది తడబాటు లేకుండా వరుసగా పదిసార్లు వచ్చాక, మీ ఊరి చెరువుకట్ట ఎక్కి, సగంలో ఆగి, వెనక్కి జారకుండా మళ్లీ కదలండి. అది కూడా వచ్చాక వెనుక సీటు మీద మనిషిని ఎక్కించుకోవచ్చు.