పిల్లలకు అర్థమైందో లేదో తెలుసుకునే చీటీ చిట్కా

బీఈడీ టీచింగ్ ప్రాక్టీస్‌కి గజపతినగరం దగ్గర బడికి వెళ్తున్నాను. "అర్థమైందా?" అంటే క్లాసంతా "అయింది సార్" అంటుంది. మర్నాడు లెక్క ఇస్తే సగం మందికి రాదు.

ఇప్పుడు పీరియడ్ చివరి 5 నిమిషాలు చీటీలకు ఉంచుతున్నాను. ఒక వైపు వాడేసిన ఏ4 కాగితాన్ని 8 ముక్కలు చేస్తే, 40 మందికి 5 కాగితాలు చాలు. ఒక్కటే ప్రశ్న: "1/3, 1/4లో ఏది పెద్దది? బొమ్మ గీసి చూపించండి." నాలుగు పెద్దది కాబట్టి 1/4 పెద్దదనుకునే పిల్లలు వెంటనే తెలిసిపోతారు. మార్కులు వేయను. వేస్తే పక్కవాళ్ల చీటీలోకి చూస్తారు పాపం.

విజయనగరం బస్సులో కూర్చుని మూడు కట్టలు కడతాను: వచ్చినవి, కొంచెం తడబడినవి, అసలు రానివి. మూడో కట్ట పెద్దదైతే మర్నాడు కొత్త పాఠం ఆపి, రొట్టెలా గుండ్రంగా కత్తిరించిన కాగితాన్ని మడతపెట్టి మళ్లీ చెబుతాను. నాలుగైదు చీటీలే ఉంటే ఆ పిల్లల్ని మాత్రం దగ్గర కూర్చోబెట్టుకుంటాను.

ఒక్క జాగ్రత్త. బొమ్మ అడగకుండా ఏది పెద్దదో మాత్రమే అడిగితే ఈ పద్ధతి పనిచేయదు, ఊహించి రాసినా సగం మందికి సరిపోతుంది.