ఆషాఢం గాలుల్లో కేజీఎఫ్ చూడ్డానికి వెళ్తున్నారా?

కుప్పం నుంచో వి.కోట నుంచో బండి మీద కర్ణాటకలోని పాత బంగారు గనుల ఊరు కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్) చూసి రావాలంటే ఆషాఢం గాలులు తగ్గేదాకా ఆగడం మంచిది. ఆగలేమంటే కొన్ని జాగ్రత్తలు.

అందరూ గనుల గురించి భయపడతారు. నాకైతే సైనైడ్ దిబ్బల గురించే ఎక్కువ భయం. సైనైడ్‌తో బంగారం తీశాక మిగిలిన రాతిపిండిని నూరేళ్లకు పైగా అక్కడే పోసుకుంటూ వచ్చారు. మొత్తం 3 కోట్ల టన్నులకు పైమాటే. ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉంటాయి గానీ, గాలి లేచిందంటే ఆ ధూళి ఊరంతా కమ్మేస్తుంది. పేరు సైనైడ్‌దే అయినా, ఆ ధూళిలో సిలికా కూడా ఉంటుంది. గని కార్మికుల ఊపిరితిత్తులను తినేసింది ఇలాంటి ధూళే. జేబురుమాలు కట్టుకుంటే చాలదు (నేను అలాగే వెళ్లి రెండు రోజులు దగ్గాను), ఎన్95 మాస్క్ పెట్టుకోండి. కళ్లద్దాలు కూడా. ఉబ్బసం ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు అటు వెళ్లకపోవడమే మేలు. వానకు దిబ్బల అంచులు కోసుకుపోయి ఉంటాయి, ఎక్కొద్దు. కింద నిలిచిన నీళ్లలో చేతులు కడగొద్దు.

ఇక్కడి ఛాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్లకు పైనే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక లోపల నీళ్లు నిండాయి. పాత రేకులు, పొదలు కప్పిన చోట అడుగు వేయకండి, కింద గని నోరు ఉండొచ్చు. కంచె దాటకండి. సొరంగం కనిపిస్తే బయటి నుంచే చూడండి, లోపల గాలి ఎలా ఉందో టార్చ్ చెప్పదు.

ఇంకో మాట. గనులు పాడుబడ్డాయి గానీ ఊరు పాడుబడలేదు. కేజీఎఫ్‌లోని మారికుప్పం స్టేషన్‌లో రోజూ ఎంతోమంది పని కోసం బెంగళూరు రైలెక్కుతారు. కార్మికుల పిల్లలు, మనవలు ఇప్పటికీ గని కార్మికుల కోసం వరసగా కట్టిన ఆ లైన్ ఇళ్లలోనే ఉంటున్నారు. తమిళం ఎక్కువ, తెలుగూ నడుస్తుంది. తలుపు తెరిచి ఉంది కదా అని తొంగిచూసి ఫొటోలు తీయకండి. "అన్నా, ఒక ఫొటో తీసుకోవచ్చా?" అని అడిగితే పోయేదేం లేదు. ఎవరైనా తాత వాడిన గని దీపం తెచ్చి చూపిస్తే చూసి ఇచ్చేయండి, బేరం పెట్టకండి. పాత బంగళాల్లోంచి పెంకు ముక్క కూడా తీసుకురావద్దు.

ఇంటికొచ్చాక బూట్లు గడప బయటే తడిగుడ్డతో తుడవండి. బట్టలు విడిగా ఉతకండి.