అక్షరం నోట్లో ఎక్కడ పుడుతుందో మీరే కనిపెట్టడం ఎలా?

డాలస్‌లో ఉండే మా అక్క మనవడు ఒకరోజు వీడియో కాల్‌లో, "చిన్నమ్మమ్మా, నా కల్లు మండుతున్నాయి" అన్నాడు. ఆరేళ్లవాడికి కల్లేమిటి! అటుపక్క మా అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. "కల్లు కాదురా, కళ్లు" అని ఇద్దరం ఓ పదిసార్లు చెప్పాం. పదిసార్లూ కల్లే అన్నాడు. వాడిది మొండితనం కాదు. నాలుక ఎక్కడ పెట్టాలో మేం చెప్పలేదు. చెబుదామంటే మాకూ తెలియదు. పుట్టినప్పటి నుంచీ అంటున్న అక్షరమే, నోట్లో ఎక్కడ పుడుతోందో ఎప్పుడైనా చూసుకుంటేగా!

అప్పుడు మొదలుపెట్టి, ఇంట్లోనే చేసి చూసుకున్న పరీక్షలివి. అరగంట చాలు. చేతి అద్దం, టిష్యూ కాగితం ముక్క, చిటికెడు కోకో పొడి, ఒక బెలూన్, ఫోన్ పక్కన పెట్టుకోండి. ఇంకో మనిషి తోడుంటే మంచిది. ఒంటరిగా చేస్తే చూసేవాళ్లు కంగారు పడతారు.

1. ముందు గాలి సంగతి

పొట్ట మీద చెయ్యి వేసుకుని మామూలుగా ఊపిరి తీసుకోండి. లోపలికీ బయటికీ పట్టే సమయంలో పెద్ద తేడా ఉండదు. ఇప్పుడు ఫోన్‌లో ఏదైనా వార్త తీసి పైకి చదవండి. గుక్క చటుక్కున లోపలికి వెళ్తుంది, ఆ తర్వాత వాక్యం అయ్యేదాకా కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. మాట నడిచేదంతా ఆ వదిలే గాలి మీదే. నమ్మకం కుదరకపోతే ఊపిరి లోపలికి పీలుస్తూ "అమ్మ" అనండి. ఉలిక్కిపడ్డవాళ్ల గొంతులా వస్తుంది.

2. గొంతు మీద రెండు వేళ్లు

గొంతు ముందువైపు, గట్టిగా తగిలే చోట రెండు వేళ్లు ఆనించి "స్‌స్‌స్" అనండి. వేళ్లకు ఏమీ తెలియదు. "మ్‌మ్‌మ్" అనండి, జివ్వుమంటుంది. అక్కడున్నదే స్వరపేటిక. అందులో స్వరతంత్రులు ఉంటాయి. తంత్రులు అనేసరికి వీణ తీగలు గుర్తొస్తాయి గానీ అవి తీగలు కావు, రెండు మెత్తటి మడతలు. పిల్లలు బస్సు ఆట ఆడుతూ పెదవులతో "బుర్ర్ర్" అంటారు చూడండి, అలాంటి పనే. కింది నుంచి గాలి తోస్తే మడతలు విడిపోతాయి, వెంటనే మళ్లీ కలుసుకుంటాయి. మగవాళ్లు మాట్లాడేటప్పుడు ఇది సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు, ఆడవాళ్లలో 200 సార్లు జరుగుతుంది. పిల్లల్లో ఇంకా ఎక్కువ.

బెలూన్ ఊది, దాని మూతిని రెండు చేతులతో పక్కలకు లాగి పట్టుకోండి. కీచుమంటుంది. బిగించి లాగితే సన్నటి కూత, వదులు చేస్తే బొంగురు. పాడేవాళ్లు పై స్థాయికి వెళ్లేటప్పుడు గొంతులో చేసేది ఈ బిగింపే. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీతం మాస్టారు పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని నోట్లోకి పంపి, ఎండ వెలుగు దాని మీద పడేలా చేసి, పాడుతున్న తన స్వరతంత్రులను తానే చూసుకున్నాడు. మనం అంత దూరం పోనక్కర్లేదు.

వేళ్లు తీయకుండా "పప్పప్ప" అని, తర్వాత "బబ్బబ్బ" అని చూడండి. పెదవులు చేసే పని ఒకటే. బ అన్నప్పుడు గొంతులో అదురు ఆగకుండా ఉంటుంది, ప అన్నప్పుడు పెదవులు మూసుకున్నంతసేపూ ఆగిపోతుంది. పరుషాలు, సరళాలు అని బడిలో బట్టీ పట్టిన తేడా ఇదే.

3. క చ ట త ప: నోటి లోపలి నుంచి బయటికి ప్రయాణం

ఈ అయిదింటినీ చాలా నెమ్మదిగా అనండి, ఒక్కోదాని దగ్గర ఆగుతూ. క అన్నప్పుడు నాలుక వెనక భాగం లేచి మెత్తటి అంగిలిని తాకుతుంది. చ దగ్గర నాలుక మధ్యకు, ట దగ్గర మడిచిన కొసకు, త దగ్గర పళ్లకు వస్తాం. ప దగ్గరికి వచ్చేసరికి పెదవులు. వర్ణమాల లోపలి నుంచి గుమ్మం దాకా నడిచి వచ్చింది. వేదపాఠం చెడిపోకూడదని ఉచ్చారణను పరిశీలించిన శిక్షాకారులు పట్టుకున్న క్రమం ఇది. ఇంగ్లిష్ ఏ బీ సీ డీ వరసకు ఇలాంటి లెక్కేమీ లేదు. ఒకటో తరగతిలో ఈ ముక్క ఎవరైనా చెప్పి ఉంటే నాకు అక్షరాల మీద ఇంకొంచెం ప్రేమ ఉండేది.

ఇక కోకో పొడి. నాలుక కొసకు పైనా కిందా కొద్దిగా అద్దుకోండి. "త" అని ఒక్కసారే అనండి, మింగకండి. నోరు బాగా తెరిచి, అద్దం పట్టుకుని, ఫోన్ టార్చి వెయ్యండి. గోధుమరంగు మరక పై పళ్ల వెనక కనిపిస్తుంది. నోరు పుక్కిలించి, మళ్లీ అద్దుకుని "ట" అనండి. ఈసారి మరక పళ్లను వదిలి అంగిలి మీద చాలా వెనక్కి పోతుంది. తెలుగు ట లో ఒక విశేషం ఉంది. ధ్వనిశాస్త్రవేత్తలు పీటర్ లాడిఫోగెడ్, పేరి భాస్కరరావు ఎక్స్‌రే చిత్రాలతో పరిశీలించి 1983లో రాసిన ప్రకారం, హిందీవాళ్లు ట కి నాలుక కొసను ఆనిస్తే, తెలుగువాళ్లూ తమిళులూ నాలుకను ఇంకా వెనక్కి మడిచి దాని అడుగు భాగాన్ని ఆనిస్తారు. కింద కూడా పొడి అద్దుకోమన్నది అందుకే. ఇంగ్లిష్‌లో టీ అన్నప్పుడు నాలుక కొస పై పళ్ల వెనకున్న చిగురు గట్టుకు తగులుతుంది, అంటే మన త కీ ట కీ మధ్య. అక్కడ పుట్టి పెరిగిన పిల్లల నోట్లో తాత, టాటా కలిసిపోవడానికి కారణం ఆ ఒక్క అంగుళమే.

ఓపిక ఉంటే "చాప", "చేప" కూడా చేసి చూడండి. రాసేది ఒకే చ. అయినా చాపలో నాలుక పళ్ల దగ్గరుంటుంది, చేపలో అంగిలికి పోతుంది. మొదటిది దంత్యం, రెండోది తాలవ్యం.

4. టిష్యూ కాగితం, ముక్కు

కాగితం ముక్కను నోటి ముందు వేలాడదీసి "పలక" అనండి. పెద్దగా కదలదు. "ఫలం" అనండి. రెండు పెదవులూ కలిపి, ప ని ఒత్తి పలికితేనే కాగితం ఎగురుతుంది. ఫ్యాన్ లో ఫ లాగా కింది పెదవిని పళ్లకు ఆనించి అంటే గాలి సన్నగా జారిపోతుంది. మనలో చాలామంది రెండూ ఒకలాగే అనేస్తాం, నేనూ అంతే.

ఇప్పుడు "మ్‌మ్‌మ్" అంటూ ముక్కు రెండు వేళ్లతో మూసేయండి. శబ్దం ఠక్కున ఆగిపోతుంది, గాలికి వేరే దారి లేదు మరి. జలుబు చేసినవాళ్లు "మామయ్యా" అని పిలిస్తే "బాబయ్యా" అని వినపడేది ఇందుకే. మ కీ బ కీ పెదవుల పని ఒకటే, ముక్కు దారి తెరిచి ఉందా లేదా అన్నదే తేడా. ఆ తలుపు కొండనాలుక వేలాడే మెత్తటి అంగిలి. అద్దంలో చూస్తూ "ఆ" అంటే అది పైకి లేవడం కనిపిస్తుంది.

అచ్చులకు ఇంత హడావుడి లేదు. "ఈ... ఊ..." అని గుసగుసగా అనండి. గొంతు మోగకపోయినా, ఆ గుసగుసే సన్నటి నుంచి లావుగా మారుతుంది. నోటి ఆకారం మారింది, అంతే. నీళ్లు నిండుతున్న బిందె మోత మారినట్టే.

5. మెదడు ముందే రాసిపెట్టుకుందని తెలుసుకోవడం

"ఎర్ర లారీ తెల్ల లారీ" అని వేగంగా అయిదుసార్లు అనండి. మూడోసారికి లారీ రాలీ అవుతుంది. ఆ తప్పును ఫోన్‌లో రికార్డు చేసి విని చూడండి. తర్వాత రావాల్సిన ర ముందుకు దూరింది. అంటే మెదడు ఒక్కో ధ్వనినీ అప్పటికప్పుడు తయారుచేయడం లేదు. ముందే వరసలో నిలబెట్టి ఉంచింది, ఆ వరసలో తోపులాట జరిగింది. మాట్లాడేటప్పుడు సెకనుకు 10 నుంచి 15 ధ్వనులు వస్తాయి. అలా నిలబెట్టుకోకపోతే కుదరదు.

ఈ వరస పెట్టే పనికి ఎడమ కణత దగ్గర లోపలున్న భాగం ముఖ్యమని మొదట బలంగా చెప్పినవాడు ఫ్రెంచ్ డాక్టరు పాల్ బ్రోకా. 1861లో పారిస్ దగ్గర ఆయన చూసిన రోగి ఎదుటివాళ్ల మాటలు చాలావరకు అర్థం చేసుకునేవాడు. నోటి వెంట వచ్చేది మాత్రం "టాన్" అన్న ముక్క ఒక్కటే. అతను చనిపోయాక మెదడు చూస్తే ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. ఇప్పటి శాస్త్రవేత్తలు ఆ ఒక్కచోటే పనంతా జరుగుతుందని అనరు. కండరాలకు ఆజ్ఞలిచ్చే భాగం, లయ సరిచూసే చిన్నమెదడు, వినే భాగం, అన్నీ కలిసే చేస్తాయి.

ఆజ్ఞలు నరాల మీదుగా దిగుతాయి. వాటిలో ఎడమ స్వరతంత్రికి వెళ్లే నరం దారి విచిత్రం. గొంతు దాటి ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద ధమనిని చుట్టి మళ్లీ పైకి వస్తుంది. అందుకే ఒక్కోసారి ఛాతీలో జబ్బు ఉన్నా గొంతు బొంగురుపోతుంది. బొంగురు మూడు వారాలైనా తగ్గకపోతే మిరియాల పాలతో సరిపెట్టుకోకుండా చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించండి.

ఇంకో చిన్న పరీక్ష. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాట వింటున్నవాళ్లను పలకరించండి, అరిచి జవాబిస్తారు. మెదడు మన గొంతును మనకే వినిపించుకుంటూ మాట సర్దుతుంది, వినపడకపోతే పెంచేస్తుంది. కాల్‌లో మన మాటే కాస్త ఆలస్యంగా తిరిగి వినపడితే నాలుక తడబడేదీ అందుకే.

6. ఇక ళ నేర్పడం

ఇదంతా అయ్యాక డాలస్‌కు మళ్లీ ఫోన్ చేశాను. "కళ్లు అను" అనడం మానేశాను. "ట అను. నాలుక మడిచావు కదా, అక్కడే ఉంచు, కదపకు. ఇప్పుడు నాలుక రెండు పక్కల నుంచి గాలి వదులుతూ మ్‌మ్ అన్నట్టు గొంతు మోగించు" అన్నాను. వాడి ట ఇంగ్లిష్ ట అయిపోతోంది, అందుకని ముందు వాళ్ల అమ్మమ్మ దగ్గర కోకో పొడి పరీక్ష చేయించాం. వాడికి అందులో తినడమే నచ్చింది. నాలుగో చెంచాకు మరక వెనక్కి పోయింది. "ళ్‌ళ్‌ళ్" అని వచ్చింది. తర్వాత ళ ముందు ఆ చేర్చి "ఆళ", ఆ పైన "కళ", "పళ్లు", చివరికి "కళ్లు". పెద్దవాళ్లకైనా ఇదే వరస. ముందు ధ్వని, తర్వాత అక్షరం, తర్వాత మాట. రోజూ అయిదు నిమిషాలకు మించి విసిగించకండి.

రెండు వారాలకు కుదిరింది. ఇప్పుడు వాడు "ఎర్ర ళారీ తెళ్ల ళారీ" అంటున్నాడు.